చెప్పిన ఫిర్యాదు చెప్పినట్టు రాయండి: మోటార్‌సైకిల్ కంపెనీలకు, డీలర్లకు బహిరంగ లేఖ

బెంగళూరులో మోటార్‌సైకిళ్లు అమ్ముతున్న కంపెనీల సర్వీస్ విభాగాల పెద్దలకు, డీలర్‌షిప్ యజమానులకు,

ప్రతులు: కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖకు, కేంద్ర రోడ్డు రవాణా శాఖకు, కర్ణాటక రవాణా శాఖకు

అయ్యా,

నమస్కారం. మాది కదిరి దగ్గర పల్లె. బతుకుతెరువు కోసం బెంగళూరు వచ్చి రామమూర్తినగర్‌లో ఉంటున్నాను. ఇళ్లకు వెళ్లి రక్తం శాంపిళ్లు తీసి ల్యాబ్‌కు చేర్చడం నా ఉద్యోగం. బండి లేనిదే ఈ పని లేదు. పాత బండి రిపేర్లతో వేగలేక, కొత్తదైతే వారంటీ ఉంటుంది, టెన్షన్ ఉండదు అనుకుని లోన్ మీద మోటార్‌సైకిల్ తీసుకున్నాను. కొన్న రెండో నెలలోనే ఇబ్బంది మొదలైంది. సర్వీస్ సెంటర్‌లో చెప్పాను. కస్టమర్ కేర్‌కు ఫోన్లు చేశాను. కంపెనీ ఏరియా ఆఫీసుకు రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం పంపాను. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. బండి మాత్రం ఎలా ఉన్నది అలాగే ఉంది. ఇక నలుగురూ చదివేలా రాయడం తప్ప దారి కనిపించలేదు.

కంపెనీ పేరు, షోరూం పేరు ఇక్కడ పెట్టడం లేదు. మా వీధిలోనే నాలుగు రకాల కంపెనీల బళ్లున్నాయి. సర్వీస్ సెంటర్ అనుభవం అడిగితే అందరూ ఇంచుమించు ఒకే మాట చెప్తారు. అందుకని ఈ ఉత్తరం అందరికీ కలిపి.

ముందు బండి సంగతి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు దానికి వంక పెట్టడానికి లేదు. సెల్ఫ్ కొట్టగానే అందుకుంటుంది, పికప్ బాగుంటుంది. టిన్ ఫ్యాక్టరీ దగ్గరో, హెబ్బాళ ఫ్లైఓవర్ కిందో ముప్పావుగంట ఫస్ట్ గేరు, సెకండ్ గేరులో పాకించాక అసలు రంగు బయటపడుతుంది. సిగ్నల్లో క్లచ్ పట్టగానే ఐడిల్, అంటే బండి నిలబడ్డప్పుడు ఉండాల్సిన ఇంజిన్ వేగం, పడిపోతుంది, ఇంజిన్ ఆగిపోతుంది. సెల్ఫ్ తిరుగుతూనే ఉంటుంది, ఇంజిన్ మాత్రం అందుకోదు. మీటర్‌లో ఇంజిన్ బొమ్మ లైటు ఒక్కోసారి వెలుగుతుంది, ఒక్కోసారి వెలగదు. బండిని పక్కకు తోసుకుపోయి పావుగంట ఆగితే ఏమీ జరగనట్టు స్టార్టవుతుంది.

ఇదే మాట, ఇదే వరసలో, సర్వీస్ అడ్వైజర్‌కు చెప్పాను. ఆయన కన్నడం, తెలుగు కలిపి మర్యాదగానే మాట్లాడాడు. బండి సర్వీస్‌కు ఇచ్చేటప్పుడు రాసే కాగితాన్ని జాబ్‌కార్డు అంటారు. అందులో కస్టమర్ చెప్పిన సమస్యలు రాయడానికి గీతలు గీసిన గడి ఒకటుంటుంది. అందులో ఆయన రాసింది ఒక్క ముక్క: జనరల్ చెకప్. వేడెక్కాక ఆగుతోందని రాయండి సార్ అన్నాను. "మెకానిక్‌కు నోటితో చెప్తాను, మీరు సంతకం పెట్టండి" అన్నాడు. సాయంత్రం వెళ్తే ప్లగ్ తుడిచాం, థ్రాటిల్ బాడీ క్లీన్ చేశాం, టెస్ట్ రైడ్ ఓకే అన్నారు. టెస్ట్ రైడ్ అంటే షెడ్డు వెనక ఖాళీ సందులో అటు ఒక రౌండు, ఇటు ఒక రౌండు. సాయంత్రం వచ్చే జ్వరాన్ని పొద్దున చెయ్యి పట్టుకు చూసి లేదు పొమ్మన్నట్టుంది ఇది. ముప్పావుగంట ట్రాఫిక్‌లో నడిపితేనే కనిపించే లోపానికి ముప్పావుగంట ట్రాఫిక్‌లో నడిపే పరీక్షే కావాలి.

తరవాత వెళ్లినప్పుడు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అన్నారు. ఇంకోసారి పెట్రోల్ బాగాలేదన్నారు. మరోసారి నేను అస్తమానం క్లచ్ పట్టుకునే నడుపుతున్నానన్నారు. బెంగళూరు ట్రాఫిక్‌లో క్లచ్ పట్టకుండా బండి నడిపే మనిషిని నేనింకా చూడలేదు. బండి తెచ్చుకున్న ప్రతిసారీ మర్నాడు ఫీడ్‌బ్యాక్ కాల్ వస్తుంది. దానికి ముందే అడ్వైజర్ బతిమాలతాడు: "సార్, పదికి పది ఇవ్వండి. తగ్గితే నా ఇన్సెంటివ్ కట్ అవుతుంది." ఆ అబ్బాయి మీద నాకు కోపం లేదు. అతనిదీ నాలాంటి చిన్న జీతమే. కానీ ఇలా అడిగి తెచ్చుకున్న పది మార్కులు చూసి బండ్లన్నీ బాగున్నాయని హెడ్డాఫీసు అనుకుంటే, అసలు సంగతి పైకి చేరే దారి ఎక్కడుంది?

1915 హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాక కొన్నాళ్లకు కంపెనీ నుంచి జవాబు వచ్చిందట. "వాహనాన్ని పరీక్షించాం, లోపమేమీ కనిపించలేదు." దాంతో ఫిర్యాదు మూసేశారు. లోపం కనిపించలేదనడానికి ఆధారం ఏమిటని చూస్తే, అవే జాబ్‌కార్డులు. జనరల్ చెకప్ అని రాసినవి.

మా సందు చివర చిన్న షెడ్డు పెట్టుకున్న మదనపల్లె మెకానిక్ అన్న ఒకాయన ఉన్నాడు. బండి ఆగిపోయినప్పుడు తోసుకుంటూ ఆయన దగ్గరికే తీసుకుపోయాను. ఆయన సీటు విప్పలేదు, స్పానర్ ముట్టుకోలేదు. "వారంటీ బండి, నేను చెయ్యి పెడితే వారంటీ లేదని నిన్ను తిప్పి పంపేస్తారు" అన్నాడు. విన్నంతవరకు చెప్పాడు: ఈ కాలపు ఇంజెక్షన్ బళ్లలో ఇంజిన్‌లో తిరిగే ఇరుసు (క్రాంక్) ఎంత తిరిగిందో ఈసీయూకి, అంటే ఇంజిన్‌ను నడిపించే చిన్న కంప్యూటర్‌కు, చెప్పే సెన్సర్ ఒకటుంటుంది, అందులో లోపముంటే వేడికి సిగ్నల్ తెగిపోతుంది, చల్లారాక మళ్లీ వస్తుంది. పెట్రోల్ పంపు వల్ల కూడా ఇలా కావచ్చు. ఏదో తేలాలంటే బండి ఆగిన ఆ నిమిషంలోనే స్పార్క్ వస్తోందా, పంపు ప్రెషర్ ఉందా చూడాలి, లేదా ఈసీయూలో నమోదైనది చదివే స్కానర్ తగిలించి నడపాలి అన్నాడు. చేతిలో స్కానర్ లేని ఆయనకు తట్టిన ఈ మాట, స్కానరున్న మీ వర్క్‌షాపులో ఎవరి నోటా వినలేదు. తెలియక కాదనుకుంటాను. వారంటీ పనికి కంపెనీ డీలర్‌కిచ్చే లేబర్ డబ్బు బయటి రేటు కంటే తక్కువని విన్నాను. ఆపైన ఫొటోలు పంపాలి, తీసిన పార్టు వెనక్కి పంపాలి, క్లెయిమ్ తిప్పికొడితే నష్టం డీలర్‌దే. గంటసేపు లోపం వెతికిన మెకానిక్‌కు ఆ గంటకు గిట్టేది లేనప్పుడు "టెస్ట్ రైడ్ ఓకే" అనే మాటే సులువైపోతుంది. ఈ ముడి వేసింది కంపెనీలు. విప్పాల్సిందీ కంపెనీలే.

ఇప్పుడు, దీనివల్ల మామూలు జనానికి ఏం జరుగుతోందో వరసగా చెప్తాను.

1. మొదటిది ప్రాణభయం. ఔటర్ రింగ్ రోడ్డులో కె.ఆర్.పురం కేబుల్ బ్రిడ్జి దిగేచోట, వెనక బీఎంటీసీ బస్సు, పక్కన వాటర్ ట్యాంకర్ ఉండగా ఇంజిన్ ఆగిపోతే ఏమవుతుందో ఊహించండి. నాకు ఒకసారి అక్కడే ఆగింది. వెనకాయన హారన్ మీద నుంచి చెయ్యి తియ్యలేదు. గేరు న్యూట్రల్‌లో పడట్లేదు, పక్కకు తోయడానికి సందు లేదు, ట్యాంక్ మీద శాంపిల్ పెట్టె. ఒక ట్రాఫిక్ కానిస్టేబుల్ పరిగెత్తుకొచ్చి ట్యాంకర్‌ను చేత్తో ఆపితే బయటపడ్డాను. ఇది మీ కాగితాల్లో డ్రైవబిలిటీ సమస్య. రోడ్డు మీద ఉన్నవాడికి చావుబతుకుల సమస్య.

2. రెండోది పని. నా పనిలో టైముకు విలువ ఎక్కువ. షుగర్ టెస్టుకు పరగడుపున ఒక శాంపిల్ తీస్తాం, తిన్న రెండు గంటలకు ఇంకోటి తీస్తాం. ఆ రెండో శాంపిల్‌కు నేను మహదేవపురలో చిక్కుకుపోతే ఆ పెద్దాయన మర్నాడు మళ్లీ పరగడుపున కూర్చోవాలి. డెబ్బై ఏళ్లు దాటిన షుగర్ పేషెంటును రెండు రోజులు వరసగా ఖాళీ కడుపుతో ఉంచడం ఎంత తప్పో డాక్టర్నడగండి. తీసిన రక్తం కూడా ల్యాబ్‌కు ఆలస్యంగా చేరితే చిక్కే. సీరం వేరుచెయ్యడం ఆలస్యమైన కొద్దీ పొటాషియం ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. కిడ్నీ జబ్బు మనిషికి ఆ అంకె తప్పు వస్తే మందులే మారిపోతాయి. నా బండిలో లోపం ఎవరెవరి ఇళ్లదాకా పోతోందో చూడండి.

3. డబ్బు. బండి మీ షెడ్డులో ఉన్నన్ని రోజులూ ఈఎంఐ ఆగదు. ఆటోలకు పెట్టుకుంటే ఆరోజు కూలి ఆటోవాడికే. ఫుడ్ డెలివరీ చేసే కుప్పం తమ్ముడొకడు మా పై పోర్షన్‌లో ఉంటాడు. అతని బండికి హ్యాండిల్ తిరిగేచోట ఉండే బేరింగులు (కోన్ సెట్) పోయి, పార్టు రావాలంటూ వారాలు షెడ్డులో ఉంటే ఇంటికి డబ్బు పంపలేక ఊళ్లో అప్పు తెచ్చుకున్నాడు. నెల జీతం ఉన్నవాళ్లకు చిరాకుతో పోతుంది. రోజు సంపాదన మీద బతికేవాడికి పొయ్యి ఆరిపోతుంది.

4. గడువు. వారంటీ ఇన్నేళ్లు లేదా ఇన్ని కిలోమీటర్లు, ఏది ముందైతే అది అంటారు. బండి మీ దగ్గర పార్టు కోసం నిలబడ్డ రోజులు కూడా మా వారంటీలోంచే పోతున్నాయి. లోపం దొరక్కుండానే గడువు దాటితే, మొన్నటిదాకా కనిపించని లోపం ఆ మర్నాడే కనిపిస్తుంది, బిల్లుతో సహా. ఇది అందరూ చెప్పే అనుభవం.

5. ఊరికి పోవడం. చిన్న విషయంలా ఉంటుంది గానీ రాయకుండా ఉండలేను. పండక్కి, పెళ్లికి మనవాళ్లు ఎందరో బైకు మీదే 44వ నంబర్ హైవే ఎక్కి బాగేపల్లి, పెనుకొండ మీదుగా ఊరెళ్తారు. ఎక్కడాగిపోతుందో తెలియని బండి మీద భార్యనీ బిడ్డనీ ఎక్కించుకుపోయే ధైర్యం నాకు లేదు.

ఇక కంపెనీలు చెప్పే కారణాల గురించి. అన్నీ అన్యాయమని నేననను. సర్వీసులు ఎగ్గొట్టినవాళ్లు, పెద్ద లైట్లు, హారన్‌లు బిగించడానికి వైరింగ్ కోసినవాళ్లు, చెయిన్‌కు చుక్క నూనె వెయ్యనివాళ్లు ఉంటారు. బ్రేక్ ప్యాడ్లు, క్లచ్ ప్లేట్లు, కేబుళ్లు అరిగేవే, వాటికి వారంటీ లేదంటే అర్థముంది. నా బండికి ప్రతి సర్వీసూ మీ దగ్గరే, టైముకే జరిగింది. ఒక్క వైరు కొయ్యలేదు.

కానీ పెట్రోల్ మీద నెట్టడం నాకు మింగుడు పడలేదు. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే ఇప్పుడు బంకుల్లో దొరుకుతోంది. 2023 ఏప్రిల్ నుంచి తయారైన బళ్లు ఆ పెట్రోల్‌ను తట్టుకునే సామాన్లతో రావాలన్నది ప్రభుత్వ నిబంధన. అమ్మేటప్పుడు ట్యాంకు మూత దగ్గర ఈ20 స్టిక్కర్ వేసి అమ్మి, ఆగిపోయినప్పుడు పెట్రోల్ వల్లే అంటే ఎలా? కల్తీ పెట్రోల్ అని మీకు నిజంగా అనుమానముంటే ట్యాంకులోంచి శాంపిల్ నా ఎదుట తీసి, సీల్ వేసి, పరీక్షకు పంపండి. శాంపిల్ తియ్యడం, సీల్ వెయ్యడం, పేరు రాయడం నాకు తెలిసిన పనే. దగ్గరుండి చేయిస్తాను. నోటిమాటతో నెట్టెయ్యకండి.

చట్టం మా వైపు ఎంతవరకుందో కూడా తెలుసుకున్నాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జులై 20 నుంచి అమల్లో ఉంది. లోపమున్న వస్తువు వల్ల జరిగిన హానికి తయారీదారు, అమ్మినవాడు, సర్వీస్ చేసినవాడు బాధ్యులయ్యే సందర్భాలను అందులో ప్రత్యేకంగా ఒక అధ్యాయంలో రాశారు. కొనుగోలుదారు తాను ఉండే చోటే, పనిచేసే చోటే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చెయ్యొచ్చు. 5 లక్షల లోపు వస్తువుకు ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు. లోపం బయటపడ్డ 2 ఏళ్లలోపు వెయ్యాలి. పరీక్ష అక్కర్లేని కేసు 3 నెలల్లో, పరీక్ష కావాల్సినది 5 నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలో ఉంది.

అయితే అక్కడ నిలబడాలంటే లోపముందని చూపించాలి. చూపించడానికి నా దగ్గరున్నది మీరు రాసిచ్చిన జాబ్‌కార్డే. పైగా 2006లో ఒక కారు కేసులో సుప్రీంకోర్టు, వారంటీలో లోపమున్న భాగం మార్చి ఇస్తామని మాత్రమే ఉన్నప్పుడు మొత్తం వాహనం మార్చమనడం కుదరదని చెప్పింది. అంటే వారంటీ పుస్తకంలో మీరు రాసుకున్న షరతే మా హక్కుకు హద్దు అవుతోంది. అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రం 1982లోనే దీనికి చట్టం చేసింది. ఒకే లోపానికి నాలుగుసార్లు రిపేరు చేసినా పోకపోతే, లేదా బండి 30 రోజులు షెడ్డులోనే ఉండిపోతే, కొనుగోలుదారుకు కొత్తదో డబ్బో ఇవ్వాలి. సింగపూర్ 2012లో, దక్షిణ కొరియా 2019లో ఇలాంటివి తెచ్చుకున్నాయి. ఏటా కోటికి పైగా ద్విచక్ర వాహనాలు అమ్ముడయ్యే మన దేశంలో అలాంటి చట్టం లేదు.

ఇంకొకటి. మోటారు వాహనాల చట్టంలో 110ఎ అనే సెక్షన్ 2019 సవరణతో వచ్చింది. ఒక మోడల్‌లో ప్రమాదకరమైన లోపముందని తగినంతమంది యజమానులు ఫిర్యాదు చేస్తే, ఆ బళ్లన్నిటినీ వెనక్కి పిలిచి బాగుచెయ్యమని కేంద్రం ఆదేశించవచ్చు. దాని నియమాలు 2021 ఏప్రిల్ 1 నుంచి ఉన్నాయి. తప్పనిసరి రీకాల్ చెయ్యాల్సివస్తే జరిమానా 10 లక్షల నుంచి కోటి రూపాయల వరకు. మంచి నిబంధనే. కానీ ఫిర్యాదుల లెక్క మీద నడిచే నిబంధన అది. ఒక అడ్వైజర్ నా లోపాన్ని జనరల్ చెకప్ అని రాస్తాడు, ఇంకొకడు హోసూరు రోడ్డులో వేరొకరిది అలాగే రాస్తాడు, మూడోవాడు యలహంకలో. ఇదే లోపం వందమందికున్నా ఏ లెక్కలోనూ ఒక్కటి కూడా కనిపించదు. నా గోడు అంతా జాబ్‌కార్డులోని ఆ ఒక్క గడి గురించి ఎందుకో మీకు ఇప్పుడు తెలిసే ఉంటుంది.

మా డిమాండ్లు ఇవి.

1. కొనుగోలుదారు చెప్పిన లోపాన్ని ఆయన మాటల్లోనే జాబ్‌కార్డులో రాయాలి. ఎప్పుడు, ఎంతసేపు నడిపాక, ఎలాంటి రోడ్డు మీద వస్తుందో కూడా. రాసింది చదివి వినిపించాకే సంతకం తీసుకోవాలి. అదే రోజు కాపీ చేతికివ్వాలి, ఫోన్‌కు పంపాలి. బండి తిరిగిచ్చేటప్పుడు ఏం పరీక్షించారు, ఎన్ని కిలోమీటర్లు నడిపారు, ఏ పార్టు మార్చారు అన్నది దాని మీదే ఉండాలి. ఏమీ దొరక్కపోతే "లోపం ఈసారి కనిపించలేదు" అని రాయండి. "ఓకే" అని రాయకండి. మిగతా డిమాండ్లలో ఏది కాస్త ఆలస్యమైనా ఓర్చుకుంటాం. దీనికి కొత్త చట్టం, కొత్త మెషీన్ ఏదీ అక్కర్లేదు. రేపు పొద్దున షట్టర్ తీసినప్పటి నుంచే చెయ్యొచ్చు.

2. ఈసీయూలో నిలవున్న ఫాల్ట్ కోడ్‌లను, అంటే లోపం వచ్చినప్పుడు అది నమోదు చేసుకున్న గుర్తులను, చెరిపే ముందు వాటి ప్రింటు గానీ ఫొటో గానీ మాకివ్వాలి. బీఎస్6 (ఇప్పటి పొగ నిబంధనల ప్రకారం తయారైన) బళ్లలో లోపం వచ్చిన క్షణం గుర్తులు చాలావరకు అందులోనే ఉంటాయి. స్కానర్ తగిలించి మొత్తం క్లియర్ చేసి "ఏ కోడూ లేదు" అంటే, ఉన్న ఒక్క సాక్ష్యం కూడా పోయినట్టే. నా బండికి ఇలాగే జరిగిందని నా అనుమానం. ప్రింటు ఇచ్చే పద్ధతి ఉంటే ఆ అనుమానానికే చోటుండదు.

3. అప్పుడప్పుడూ వచ్చే లోపాలకు, అది వచ్చే పరిస్థితిలోనే టెస్ట్ రైడ్ చెయ్యాలి. కొనుగోలుదారు వెంట వస్తానంటే రానివ్వాలి. ఆ సమయానికి కంపెనీ డీలర్‌కు, డీలర్ మెకానిక్‌కు న్యాయమైన లేబర్ చెల్లించాలి.

4. బండి వారంటీ పని మీద షెడ్డులో ఉన్న రోజులన్నీ వారంటీకి కలపాలి. మూడు రోజులు దాటితే వేరే బండి ఇవ్వాలి, లేదా రోజుకింత అని రవాణా ఖర్చు ఇవ్వాలి.

5. రోడ్డు మీద ఇంజిన్ ఆగడం, బ్రేకు, స్టీరింగ్, పెట్రోల్ లీకు వంటి ప్రాణానికి ముప్పు తెచ్చే లోపం మూడు ప్రయత్నాల్లో పోకపోతే బండి మార్చాలి, లేదా డబ్బు తిరిగివ్వాలి. డబ్బంటే ఎక్స్-షోరూం ధర ఒక్కటే కాదు. బండి షోరూం గడప దాటకముందే జీవితకాల రోడ్డు ట్యాక్స్ కట్టాం, అయిదేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ కట్టాం. ఆన్-రోడ్ ధర మొత్తం రావాలి. దీన్ని కంపెనీలు తామే వారంటీ పుస్తకంలో చేర్చొచ్చు. చేర్చకపోతే కేంద్రం చట్టం తేవాలి.

6. బయట చెయ్యి పెడితే మొత్తం వారంటీ రద్దు అనే బెదిరింపు ఆపాలి. 2014 ఆగస్టులో, వ్యాపారంలో పోటీ సరిగా ఉండేలా చూసే కాంపిటిషన్ కమిషన్ 14 కార్ల కంపెనీల మీద ఇచ్చిన ఆదేశంలో, బయటి మెకానిక్ చేసిన తప్పుడు పనివల్ల జరిగిన నష్టం మేరకే వారంటీ కాదనవచ్చు, గంపగుత్తగా రద్దు చెయ్యకూడదు అని చెప్పింది. అది కార్ల కేసే. బైకులకు వేరే న్యాయం ఉండడానికి కారణం నాకు కనిపించడం లేదు. రైట్ టు రిపేర్ (బాగుచేయించుకునే హక్కు) పేరుతో కేంద్రం 2022 డిసెంబర్ 24న తెరిచిన పోర్టల్‌లో వాహన రంగాన్ని కూడా చేర్చారు. సర్వీస్ మాన్యువల్, పార్టుల ధరలు ప్రతి మోడల్‌కూ అందులో పెట్టండి.

7. వారంటీ షరతులు కన్నడంలో, తెలుగులో, తమిళంలో, హిందీలో కూడా ఇవ్వాలి. ఇంగ్లీషు పుస్తకం చదవలేనివాళ్లే ఎక్కువగా ఈ బళ్ల మీద బతుకుతున్నారు.

8. కర్ణాటక రవాణా శాఖను అడిగేది: రిజిస్ట్రేషన్ అయిన ప్రతి కొత్త బండి యజమానికి, రీకాల్ ఫిర్యాదు ఎక్కడ పెట్టాలో తెలిపే మెసేజ్ పంపండి. నా చుట్టుపక్కల బండి కొన్నవాళ్లలో అలాంటి సదుపాయం ఒకటుందని ఒక్కరికీ తెలియదు. కేంద్ర వినియోగదారుల శాఖను అడిగేది: 1915 హెల్ప్‌లైన్‌లో పెట్టిన ఫిర్యాదును కంపెనీ జవాబు రాగానే మూసెయ్యకండి. ఫిర్యాదు చేసినవాడు సరేనన్నాకే ముయ్యండి.

తోటి తెలుగువాళ్లకు కూడా రెండు మాటలు. మారతహళ్లిలో, బొమ్మసంద్రలో, కె.ఆర్.పురంలో, పీణ్యలో మనవాళ్లు వేలమంది బళ్ల మీదే బతుకుతున్నారు. సర్వీస్‌కు ఇచ్చేటప్పుడు జాబ్‌కార్డు చదవకుండా సంతకం పెట్టకండి. మీరు చెప్పింది రాయకపోతే, సంతకం పక్కనే మీ చేత్తో తెలుగులోనైనా సరే రాయండి, ఫొటో తీసుకోండి. బండి ఆగిపోయినప్పుడు, ముందు సురక్షితంగా పక్కకు చేరాక, మీటర్ కనిపించేలా వీడియో తియ్యండి. ఫీడ్‌బ్యాక్ కాల్‌లో ఉన్నది ఉన్నట్టు చెప్పండి. అడ్వైజర్ తమ్ముడి ఇన్సెంటివ్ పోతుందన్న జాలి నాకూ ఉంది, కానీ మన మార్కుల మీద అతని జీతం వేలాడదీసింది మనం కాదు, ఆ మాట కూడా ఆ కాల్‌లోనే చెప్పండి. నాలాగే వేడికి ఆగిపోయే బండి ఎవరిదైనా ఉంటే వాహన్ వెబ్‌సైట్‌లోని రీకాల్ ఫిర్యాదు పేజీలో తప్పకుండా నమోదు చెయ్యండి.

అయ్యా, నేను అడుగుతున్నది బహుమతి కాదు, రాయితీ కాదు. డబ్బు తీసుకున్నప్పుడు మీరు సంతకం పెట్టి ఇచ్చిన మాట. ఈ ఉత్తరం అందిన నెల రోజుల్లో నా బండిని ట్రాఫిక్‌లో, నేను వెంట ఉండగా, స్కానర్ తగిలించి పరీక్షించండి. ఏం తేలిందో కాగితం మీద రాసివ్వండి. లోపం తేలితే ఆ భాగం మార్చి, అది మళ్లీ రాదని మీ ఏరియా మేనేజర్ సంతకంతో ఇవ్వండి. నెల దాటితే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేస్తాను. బండిని తగిన ల్యాబ్‌కు పంపి పరీక్ష చేయించమని, సెక్షన్ 38 కింద అక్కడే అడుగుతాను. మీరిచ్చిన జాబ్‌కార్డులన్నీ, నేను తీసిన వీడియోలతో పాటు, తేదీల వరసలో దానికి జతచేస్తాను.

ఇట్లు,
రక్త నమూనాలు సేకరించే ఉద్యోగి,
రామమూర్తినగర్, బెంగళూరు